కూర్చుని రా

ఫ్రిజ్‌లో ఎనిమిది డబ్బాలు సర్ది, ఒక్కోదాని మూత మీద తెల్ల ప్లాస్టర్ ముక్క అంటించి పెన్నుతో రాస్తున్నాను. శనివారం మధ్యాహ్నం. శనివారం రాత్రి. ఆదివారం పొద్దున. చీటీలు అంటించడంలో నాకు ఎవరూ సాటి రారు, ఎందుకంటే నా ఉద్యోగమే అది. ఆసుపత్రిలో ఆపరేషన్ సామాన్లు శుభ్రం చేసే గదిలో ఇరవై రెండేళ్లుగా పనిచేస్తున్నాను. కత్తెరలూ పట్టకార్లూ రక్తంతో మా దగ్గరికి వస్తాయి. కడిగి, ఆరబెట్టి, ఒక్కొక్కటీ సరిచూసి, గుడ్డలో చుట్టి ఆవిరి యంత్రంలో పెట్టి, పైన తేదీ రాసి పంపిస్తాం. ఒక్క పట్టకారు తగ్గినా పైన ఆపరేషన్ ఆగిపోతుంది. అయినా మా గది ఏ అంతస్తులో ఉందో చాలామంది డాక్టర్లకి తెలీదు. మా ఆయనకి మాత్రం ఆ ఉద్యోగం మీద ఒక జోకు ఉంది. ఇంటికి ఎవరొచ్చినా వేస్తారు. "మా ఆవిడకి అక్కడా అంట్లే, ఇక్కడా అంట్లే." అందరూ నవ్వుతారు. వాళ్లు తాగిన గ్లాసులు లోపలికి తీసుకెళ్తూ నేనూ నవ్వుతాను.

"రెండ్రోజులకే ఇంత హడావిడి ఎందుకు? మేమేమన్నా చిన్నపిల్లలమా?" అన్నారు ఆయన సోఫాలోంచి. రెండు నిమిషాలు గడిచాయో లేదో, "ఇంతకీ పంచదార ఎక్కడుంటుంది?" అన్నారు. ఇరవై ఆరేళ్లుగా మా ఇంట్లో పంచదార ఒకే డబ్బాలో ఉంది.

ప్రయాణం మా అమ్మాయి పుణ్యం. దాన్ని పుట్టినప్పటినుంచీ పిచ్చుక అనే పిలుస్తాం, ఒక్కచోట కుదురుగా ఉండదని. దూరంగా వేరే ఊళ్లో ఫిజియోథెరపీ సెంటర్లో పనిచేస్తోంది. ఆదివారాలు ఈల మెళ్లో వేసుకుని ఆడపిల్లల ఫుట్‌బాల్ ఆటలకి రిఫరీగా పరిగెడుతుంది. ఈ ఏడు రిఫరీల శిక్షణలో అందరికంటే ముందు నిలబడిందని, మహిళల ప్రపంచకప్ ఫైనల్‌కి ఫుట్‌బాల్ సంఘం వాళ్లు దానికి రెండు పాసులు ఇచ్చారు. ఆ మాట ఫోన్లో చెప్పగానే మా ఆయన ఏ బట్టలు సర్దుకోవాలా అని ఆలోచించడం మొదలుపెట్టారు. ఇంట్లో ఫుట్‌బాల్ చూసేది ఆయనే మరి. పోయినేడు రిటైరయ్యాక మరీ ఎక్కువైంది.

"నాన్నా, రెండోది అమ్మకి" అంది పిచ్చుక.

"మీ అమ్మకా? ఆఫ్‌సైడ్ అంటే ఏంటో తెలుసా మీ అమ్మకి?"

"తెలీదు. మొన్నటిదాకా నువ్వేమో ఆడవాళ్లు ఆడేది ఆటే కాదన్నావుగా."

రెండ్రోజులు మొహం మాడ్చుకుని తిరిగారు. నిజం చెప్పాలంటే నాకూ వెళ్లాలని లేదు. ఆయన్నే పంపించి, ఆ రెండ్రోజులూ కాళ్లు బార్లా చాపుకుని పడుకుంటే బాగుండు అనిపించింది. సరదా కూడా నాకు ఒక పనిలాగే కనబడింది. ముందు వంట చేసిపెట్టాలి, సెలవుకి బతిమాలాలి, వచ్చాక పేరుకున్న బట్టలు ఉతకాలి. మధ్యలో ఉన్న ఆ కాస్త టైములో, నా కూతురు చూస్తుంటుంది కాబట్టి, సంతోషంగా కూడా ఉండాలి. కానీ ఈ మాట దానితో ఎలా అంటాను?

బయల్దేరే ముందు అత్తయ్య గదిలోకి వెళ్లి, బిళ్లల పెట్టె చూపించి ఏది ఎప్పుడో మళ్లీ ఒకసారి చెప్పాను. ఆవిడ వినలేదు. గోడకేసి చూస్తూ, "అక్కడ కూర్చోడానికి కుర్చీ ఉంటుందా?" అని అడిగారు.

"ఉంటుంది అత్తయ్యా. మన పేరు మీద ఒకటి ఉంటుందట."

"అయితే వెళ్లు. కూర్చుని రా."

ఆవిడ నాతో అంత మంచిగా మాట్లాడి ఎన్నేళ్లయిందో గుర్తులేదు.

నన్ను తీసుకెళ్లడానికి పిచ్చుక ముందురోజు రాత్రే ఇంటికొచ్చింది. రైల్లో నాలుగు గంటలు. బోగీ నిండా మొహాలకి రంగులు పూసుకున్న జనం, జెండాలు, బూరలు. పిచ్చుక వాళ్లందరితో మాట కలిపేసింది. నాకు మొదటి ఫోన్ రెండో స్టేషన్ దాటకముందే వచ్చింది. వాషింగ్ మెషిన్ తలుపు తెరుచుకోవట్లేదట. రెండోది, శనివారం మధ్యాహ్నం డబ్బా వేడి చేయాలా, అలాగే తినాలా అని. హోటల్ గదికి చేరేసరికి ఐదు అయ్యాయి. ఇరుకు గది, రెండు మంచాలు, సందులోకి తెరుచుకునే ఒక కిటికీ. పిచ్చుక స్నానానికి వెళ్లొచ్చేలోపు నేను టీ కప్పులు కడిగి బోర్లించి, దాని బట్టలు మడతపెట్టి, మంచం మీద దుప్పటి ముడతలు సరిచేశాను. బాత్రూంలోంచి వచ్చి గుమ్మంలోనే నిలబడిపోయింది.

"అమ్మా, ఇది హోటల్. అవన్నీ చేయడానికి వాళ్లకి మనుషులుంటారు."

"వాళ్లూ ఆడవాళ్లేగా. కాస్త పని తగ్గుతుంది."

"నువ్వింకా ఇంట్లోంచి బయటికి రాలేదు" అని, తల తుడుచుకుంటూ అటు తిరిగింది. అప్పుడే మళ్లీ ఫోన్. నేను తీశాను. తీయకుండా ఉండటం నాకు చేతకాదు. ఫోన్ మోగితే పాపాయి ఏడ్చినట్టే ఉంటుంది నాకు.

మర్నాడు మధ్యాహ్నం మూడింటికి ఆట. అరవై వేల మందట. మెట్లెక్కి పైకి వెళ్లేసరికి మోకాళ్లు పట్టేశాయి. కానీ కుర్చీ నిజంగానే ఉంది, వీపుకి ఆనుకోవడానికి వీలుగా, నంబరుతో. కింద పచ్చటి మైదానం ఇస్త్రీ చేసిన గుడ్డలా పరిచి ఉంది. పిచ్చుక ముందుకి వంగి, "ఆ నల్లచొక్కా రిఫరీ ఆవిణ్ణి చూడు. బంతిని కాదు, ఆవిణ్ణి చూడు. ఆటగాళ్ల కంటే ఎక్కువ పరిగెడుతుంది, ఒక్కరు కూడా చప్పట్లు కొట్టరు. ఆవిడ తప్పు చేస్తేనే జనానికి ఆవిడ ఉన్నట్టు తెలుస్తుంది" అంది. మా గది గుర్తొచ్చింది నాకు. ఆవిడెవరో నాకు బాగా తెలిసినావిడలా అనిపించింది.

అలవాటుగా ఫోన్ తీసి చూశాను. సిగ్నల్ లేదు. "ఇంతమంది ఒకేచోట ఉంటే అంతేనమ్మా, ఆట అయ్యేదాకా రాదు" అంది పిచ్చుక. అంటే నేను ఎవరికీ దొరకను. కావాలన్నా దొరకను, నా తప్పేం లేకుండానే దొరకను. ఫోన్‌ని సంచిలో అడుగున పెట్టాను. భుజాల మీద ఎండ వెచ్చగా పడుతోంది. ఈల వినబడింది, జనం ఒక్కసారిగా లేచి అరిచారు. ఆ అరుపులో నాకోసం ఏ మాటా లేదు. ఎవరూ ఏదీ అడగట్లేదు. నల్లచొక్కా ఆవిడ అటు పరిగెత్తింది, ఇటు పరిగెత్తింది, మళ్లీ అటు.

కళ్లు తెరిచేసరికి మైదానం మీద కాగితం ముక్కలు ఎగురుతున్నాయి. చుట్టూ జనం ఏడుస్తున్నారు, ఒకళ్లనొకళ్లు కౌగిలించుకుంటున్నారు. నా తల పిచ్చుక భుజం మీద ఉంది. దాని కోటు నా మీద కప్పి ఉంది. ఆట అయిపోయింది. నూట ఇరవై నిమిషాలు ఆడారట, ఐదు గోల్స్ పడ్డాయట. నాకు సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది.

"లేపకూడదటే? ప్రపంచంలో ఎవరికీ దొరకని పాసులు కదా! మీ నాన్నని తీసుకొచ్చుంటే సరిపోయేది."

దాని చెంపల మీద తడి ఆరిపోయి చారలు కట్టింది. మెల్లగా అంది, "ఒక్కసారి కదలబోతే నీ తల జారింది. ఇంక కదల్లేదు. ఐదు గోల్స్‌కీ లేవలేదు నేను, వెనకాయన తిట్టాడు కూడా. అమ్మా, నాకు ఇరవై నాలుగేళ్లు. నువ్వు నిద్రపోతుంటే చూడటం ఇదే మొదటిసారి."

ఆలోచిస్తే నిజమే. దానికంటే ముందు లేస్తాను, దాని తర్వాత పడుకుంటాను. దానికి జ్వరమొస్తే నాకు నిద్రుండదు, నాకు జ్వరమొస్తే ఇంట్లో పని ఆగదు. నా కూతురు నా నిద్ర మొహం చూడాలంటే ఇంత దూరం రావాల్సి వచ్చింది.

జనం పల్చబడేదాకా కూర్చుందామంది. కూర్చున్నాం. కాసేపటికి, నా వైపు చూడకుండా చెప్పింది. "నేను ఇంటికొచ్చేస్తున్నానమ్మా. ఉద్యోగం మానేస్తున్నట్టు ఉత్తరం రాసేశాను, సోమవారం ఇచ్చేస్తాను. అక్కడ మనూళ్లో ఏదో ఒక క్లినిక్ దొరక్కపోదు."

"ఎందుకే? ఏమైంది?"

"పోయిన నెల నాన్న ఫోన్ చేశాడు. మీ అమ్మకి ఇదివరకట్లా చేతకావట్లేదు, నానమ్మని చూసుకోలేకపోతోంది, నువ్వొచ్చి ఇల్లు అందుకుంటే బాగుంటుంది అన్నాడు. అప్పుడు నమ్మలేదు. ఇవాళ నువ్వు పడుకున్న తీరు చూశాక..."

"మరి నీ రిఫరీ పరీక్ష? పెద్ద ఆటలకి ఈల వేయాలంటే అది రాయాలన్నావుగా?"

"ఏముందిలే. అదేమన్నా ఉద్యోగమా."

ఏముందిలే. ఆ మాట ఒకప్పుడు నాది. పిచ్చుక మూడేళ్ల పిల్లగా ఉన్నప్పుడు, ఆపరేషన్ గదిలో నర్సుగా రెండేళ్ల శిక్షణకి మా ఆసుపత్రి వాళ్లు నన్ను ఎంపిక చేశారు. వెళ్లుంటే, కింద సామాన్లు కడిగే నేను పైకి వెళ్లి వాటిని డాక్టరు చేతికి అందించేదాన్ని. అదే వారం అత్తయ్య జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నారు. "ఇప్పుడే అవసరమా?" అన్నారు మా ఆయన. గట్టిగా కూడా అనలేదు, పేపరు చదువుతూ అన్నారు. "ఏముందిలే, తర్వాత చూద్దాం" అన్నది నేనే. ఆ మాట నా నోట్లోంచి ఎంత తేలిగ్గా వచ్చిందో, ఇవాళ దీని నోట్లోంచీ అంతే తేలిగ్గా వచ్చింది. ముగ్గురు మనుషుల ఇంట్లో, కాళ్లూ చేతులూ సవ్యంగా ఉన్న ఒక మగాడు రోజంతా సోఫాలో కూర్చునే ఉన్నాడు. నేను అలిసిపోయానని ఆయన కనిపెట్టారు. నాకు తెలీకుండానే కనిపెట్టారు. కనిపెట్టి, లేచి ఒక గిన్నె కడగలేదు. ఇంకో ఆడదానికి ఫోన్ చేశారు.

స్టేడియం బయటికి రాగానే సంచిలో ఫోన్ గిలగిల కొట్టుకుంది. పదకొండు మిస్డ్ కాల్స్. నేనే చేశాను.

"ఏమైపోయావు ఇంతసేపు? చచ్చేంత కంగారు పడ్డాను. అమ్మకి సాయంత్రం బిళ్ల ఏదో అర్థం కావట్లేదు."

"పెట్టె మీద రాసుంది. చదవండి."

"సరేలే. రాత్రికి వచ్చేస్తావుగా?"

"రాను. పిల్లతో దాని ఊరు వెళ్తున్నాను. పదిహేను రోజులుంటాను. సెలవు చాలా ఉంది నాకు, ఇన్నాళ్లూ వేరేవాళ్ల జబ్బులకే పెట్టాను. ఇంకోటి, అది ఉద్యోగం మానట్లేదు. ఇంటికి రావట్లేదు. నాకు చేతకావట్లేదని దానితో చెప్పారట. నిజమే, చేతకావట్లేదు. ఆ మాట నాతోనే చెప్పాల్సింది."

అటువైపు టీవీ చప్పుడు తగ్గించారు. తర్వాత, కోపం కూడా కాదు, నిజంగా అర్థంకాని మనిషి అడిగినట్టు అడిగారు: "మరి అమ్మని ఎవరు చూస్తారు?"

"ఎవరి అమ్మని?"

"మా అమ్మని."

అనేశాక ఆ మాట ఆయనకే వినబడినట్టుంది. నేను గొడవపడలేదు, గొడవకి ఓపిక కూడా లేదు. "మందులైపోతే చీటీ సొరుగులో ఉంది. ఉంటాను" అని పెట్టేశాను.

గెలిచినట్టేం అనిపించలేదు. పదిహేను రోజుల తర్వాత ఇంట్లో ఎలా ఉంటుందో ఊహించుకోగలను. ఆయన తమ్ముడు ఫోన్ చేస్తాడు, మా అన్నయ్య ఫోన్ చేస్తాడు, ఈ వయసులో ఇదేంటి అంటారు. అననీ.

పిచ్చుక నోరు తెరుచుకుని నన్నే చూస్తోంది. "అమ్మా, నువ్వు నిజంగా వస్తున్నావా? నా గదిలో ఒక్కటే మంచం."

"కింద ఒక పరుపు వేయి" అన్నాను. "మీ నాన్నతో అలా అనేశాను గానీ, ఆ ఉత్తరం సంగతి నువ్వే తేల్చుకో, నేను చింపను. ముందు పద, రైలు టైమవుతోంది. నీ ఊరికి నాకూ ఒక టికెట్ తియ్యి."