మునిలక్ష్మి చెవులూ పెద్ద రాట్నమూ

మా మునిలక్ష్మికి చెవులు మంచివే. ఎంత మంచివంటే, ఎదురింటి చంద్రకాంతమ్మ వంటింట్లో పాలు పొంగబోతుంటే, మా పిల్ల మా వసారాలో కూర్చుని "అత్తా, పాలు!" అని కేక వేసేది. చంద్రకాంతమ్మ పరుగెత్తి చూస్తే అప్పుడే మీగడ పైకి లేస్తుండేది.

అవే చెవులు పెద్ద చప్పుడైతే తట్టుకునేవి కావు. డోలు మోగినా, లారీ హారన్ కొట్టినా రెండు చేతులతో చెవులు మూసుకుని మంచం కిందికి దూరేది. పెళ్ళిళ్ళలో ఒక చెవి భుజానికి ఆనించి, రెండో చెవి ఎడమచేత్తో మూసుకుని, కుడిచేత్తో తినేది. డాక్టరు దగ్గరికి తీసుకుపోతే చెవుల్లో లైటు వేసి చూసి, "మీ చెవులకన్నా బాగున్నాయి" అన్నాడు. నా చెవులు ఆయన చూడనే లేదు.

నాకు తిరుపతిలో పసుపు కుంకుమల అంగడి. పొద్దున స్నానం చేసి, పూజ ముగించి, గంట కొట్టిగానీ అంగడి తాళం తీయను. గంట నా చేతిలోకి రాగానే పిల్ల వీధిలోకి పరుగు తీసేది. ఒకరోజు మనసొప్పక గంట నాలుకకు గుడ్డపేలిక చుట్టి కొట్టాను. టుక్కు టుక్కుమంది. మా అమ్మ సుబ్బులమ్మ పెరట్లోనుంచి వచ్చింది.

"ఏందిరా అది? సామికి గంట కొడతాండావా, తలుపు తడతాండావా?"

"పాప బయపడతాదమ్మా."

"గంట ఇనపడకుంటే సామికి ఎట్ల తెలుస్తాది, పూజ అయిందని?"

"మనం సెబితేనే తెలిసేదైతే ఆయన సామెట్లవుతాడమ్మా?"

"అంగట్లో బ్యారం లేని రోజు నీకు ఇట్లాంటివే తోస్తాయి" అని అమ్మ వెళ్ళిపోయింది. ఆ రోజు నిజంగానే బేరం లేదు.

ఇది డెబ్బై ఎనిమిదిలో సంగతి. తిరుచానూరులో అమ్మవారి కార్తీక బ్రహ్మోత్సవాలకు ఏటా ఒక పెద్ద రాట్నం వచ్చేది. కొబ్బరిచెట్టుకన్నా ఎత్తు. చుట్టూ చెక్క తొట్లు వేలాడుతుంటాయి, ఒక్కొక్క తొట్టిలో ఇద్దరు కూర్చోవచ్చు. కింద ఆయిల్ ఇంజను డబడబలాడుతుంటుంది, పక్కనే మైకుసెట్టు. అంతకు ముందు ఏడాది మునిలక్ష్మి ఆ రాట్నం ఎక్కాలని ఎగురుకుంటూ పోయి, ఇంజను దగ్గరికి చేరేసరికి నేలమీద చతికిలబడి ఏడ్చింది. ఎత్తుకుని ఇంటికి తెచ్చాం. ఆ తర్వాత ఏడాది పొడుగునా సుద్దముక్కతో ఇంట్లో ఖాళీ ఉన్న చోటల్లా రాట్నాలు గీసింది. ఒక్కో తొట్టిలో ఒక్కో మనిషి. పైతొట్టిలో జడలున్న పిల్ల.

"ఈసారి ఎక్కతా నాయనా" అంది, ఉత్సవాలు మొదలైన రోజు. "సప్పుడొక్కటి లేకుంటే సాలు."

ఉత్సవాల ఆఖరి రోజు పంచమి తీర్థం ముగిసిన మర్నాడే రాట్నం విప్పేసుకుని పోతారు. అంటే మా చేతిలో వారం రోజులున్నాయి.

మొదట దిండు చించి బూరుగుదూది పెట్టాం. పిల్ల పదకొండుసార్లు తుమ్మింది. తర్వాత కొవ్వొత్తి మైనం మెత్తగా చేసి పెట్టాం, జారి గౌనులో పడింది. అప్పుడు నాకొక ఆలోచన తట్టింది. రెండు కొబ్బరిచిప్పలు నున్నగా గీకి, లోపల పాత పట్టుగుడ్డ అతికించి, నాడాతో తలకు కట్టాను. నా పనితనానికి నేనే మురిసిపోయాను.

"నాయనా, లోపల ఎవరో బుస్సుమంటా ఉండారు" అంది పిల్ల.

"కిష్కింధ నుంచి దిగినట్టుండాది నా మనవరాలు" అంది మా అమ్మ.

ఏది పనిచేస్తుందో తేల్చడానికి ఒకే రకం చప్పుడు ఉండాలని మా ఆవిడ తిరుమలమ్మ పట్టుబట్టింది. ఇత్తడి తాంబాళం తీసుకుని పెరట్లో బండమీద వేస్తానంది. పిల్ల వీపు తిప్పి నిలబడాలి. వినపడితే చెయ్యెత్తాలి. చెవుల్లో కొత్త సరుకు పెట్టి నిలబెట్టామో లేదో, మునిలక్ష్మి చెయ్యెత్తింది.

"ఇంకా ఎయ్యలేదు కదే!" అంది తిరుమలమ్మ.

"ఎయ్యబోతా ఊపిరి పీల్చినావు. ఇనపడింది."

మూడు రోజులు తాంబాళం మోగింది. పిల్ల మాట అటుంచి, చంద్రకాంతమ్మ వచ్చి, "మీ ఇంట్లో ఎవరి మీద ఎవరికి కోపం?" అని అడిగి పోయింది.

నాలుగో రోజు మా బావమరిది వెంకటముని వచ్చాడు. వాడు నూలుమిల్లులో పనిచేసేవాడు. సంగతంతా విని, కొబ్బరిచిప్పలు తన తలకు కట్టి చూసుకుని, నెమ్మదిగా విప్పి పక్కన పెట్టాడు.

"ఎండుపత్తి ఎంత కుక్కినా లాభంలేదు బావా. మా మిల్లులో ఎట్ల చేస్తామో తెలుసునా? పత్తిని నూనెలో తడిపి, గట్టిగా పిండి, ఉండచేసి పెట్టుకుంటాం. పైన గుడ్డ కట్టుకుంటాం. మిషన్లు యాడో పక్కూర్లో తిరగతా ఉన్నట్టుంటాది."

పత్తి ఇంట్లోనే ఉంది, ఒత్తులకు ఏరిపెట్టుకున్నది. దానికి మా అమ్మ కాపలా.

"సామి పత్తి చెవిలో పెడతారా?"

"పాప చెవులు మాత్రం ఎవరిచ్చినవమ్మా?" అన్నాను.

 అమ్మ తనే నువ్వులనూనె తెచ్చి, పత్తి తడిపి, పిండి, రెండు ఉండలు చేసింది. ఆముదమైతే ఇంకా మంచిదని సణిగింది గానీ ఆ వాసనకు ఎవరూ ఒప్పుకోలేదు. తాంబాళం పడింది. పిల్ల చెయ్యెత్తలేదు. మళ్ళీ పడింది. ఎత్తలేదు. తిరుమలమ్మ సంతోషం పట్టలేక ఇంకో నాలుగుసార్లు వేసింది.

"ఏది కావాలో ఇప్పుడు నువ్వే సెప్పు పాపా" అన్నాను, ఉండలు తీసి.

మునిలక్ష్మి పెద్దమనిషిలాగా అన్నీ ముందు పెట్టుకుని చూసింది. "నూనెపత్తి. దానిమీద ఉన్ని టోపీ. దానిమీద నా చేతులు."

"చేతులు చెవులమీద పెట్టుకుంటే తొట్టి కమ్మీ ఎవరు పట్టుకుంటారే?" అంది తిరుమలమ్మ.

"నాయన నన్ను పట్టుకుంటాడు."

అప్పటిదాకా నేను రాట్నం ఎక్కవలసి వస్తుందన్న సంగతి నా బుర్రకు తట్టలేదు. తిరుమలమ్మకు బస్సెక్కితేనే కడుపులో తిప్పుతుంది. ఏటా కొండకు నడిచి ఎక్కేవాణ్ణి, రాట్నం ఎంత అనుకున్నాను.

పంచమి రోజు సాయంత్రం నలుగురం తిరుచానూరు వెళ్ళాం. అమ్మవారి దర్శనం చేసుకుని రాట్నం దగ్గరికి వచ్చాం. మునిలక్ష్మి పత్తి పెట్టించుకుంది, టోపీ లాక్కుంది, చేతులతో చెవులు మూసుకుంది. ఇంజను పక్కగా నడిచింది. ఆగింది.  మళ్ళీ నడిచింది. తొట్టిలోకి నేను ఎత్తి కూర్చోబెట్టేదాకా చెవుల మీది చేతులు తీయలేదు గానీ, ఏడవలేదు.

రాట్నం తిప్పే ఆయన పేరు దొరస్వామి. అరక్కోణం వైపు మనిషి, నొసట ఇంత పొడుగు నామం. ఆయన చేతికింద ఒక నిలువెత్తు కట్టె ఉంటుంది. దాన్ని అదిమి పట్టుకుంటే రాట్నం నిదానిస్తుంది, వదిలితే వేగం అందుకుంటుంది. తొట్లన్నీ కొండమీదనుంచి అప్పుడే దిగిన గుండుతలలతో నిండిపోయాయి. దొరస్వామి కట్టె వదిలాడు.

మా తొట్టి లేచింది. అమ్మవారి గోపురం మా పక్కకు వచ్చి, మా కిందికి పోయింది. తొట్టి కొసన నిలిచి, ముందుకు ఒరిగి, ఉన్నట్టుండి కింద ఏమీ లేనట్టు జారింది.  నేను ఒక చేత్తో పిల్లను, ఒక చేత్తో కమ్మీని పట్టుకుని, ఉన్న ఊపిరంతా పెట్టి అరిచాను.

"ఏడుకొండలవాడా! వెంకటరమణా!"

తిరుపతి చుట్టుపక్కల ఆ మాట ఒకడు అంటే మిగతావాళ్ళు ఊరుకోరు. పైతొట్లూ కిందితొట్లూ, వరసలో నిలబడినవాళ్ళూ, శనగలు వేయించేవాడూ ఒక్కసారిగా అందుకున్నారు.

"గోవిందా! గోవిందా!"

దొరస్వామి కట్టె వదిలేసి, రెండు చేతులూ తలమీద జోడించి, కళ్ళు మూసుకున్నాడు.

రాట్నం వేగం అందుకుంది. నాకు భయం పెరిగింది. భయం పెరిగేకొద్దీ నోటికి వేరే మాట రాలేదు. మళ్ళీ అరిచాను. మళ్ళీ జనం గోవిందా అన్నారు. కట్టెమీద చెయ్యి వేయబోతున్న దొరస్వామి మళ్ళీ చేతులెత్తాడు. ఎన్ని చుట్లు తిరిగామో నాకు తెలియదు. పైతొట్టిలో ఒక గుండాయన మాత్రం, "ఎంత పుణ్యమబ్బా, దిగనే దించడంలేదు" అంటున్నాడు.

అందరం మొత్తుకుంటున్నాం కనుక ఎవరం కిందికి చూడలేదు. చెవులు మూసుకుని ఉన్న మునిలక్ష్మి ఒక్కటే చూసింది. నా తుండు పట్టి లాగింది.

"నాయనా! నువ్వు నోరు తెరిస్తే ఆయన చేతులెత్తతా ఉండాడు!"

నాకు వినపడితేగా. తొట్టి మళ్ళీ కొసకు చేరింది. నేను ఊపిరి పీల్చాను. "ఏడుకొం..." అనేసరికి చిన్న అరచెయ్యి ఒకటి వచ్చి నా నోటిమీద టప్పున పడింది. దాని వెనకే రెండోది.

"గమ్మునుండు నాయనా!"

ఊపిరాడక గమ్మునున్నాను. ముందు అనేవాడు లేకపోయేసరికి జనమూ ఊరుకున్నారు. దొరస్వామి కళ్ళు తెరిచి, చుట్టూ చూసి, కట్టెను అదిమి పట్టుకున్నాడు. రాట్నం బరువుగా మూలిగి నిలిచింది.

దిగి మెట్టు మీద కూలబడ్డాను. దొరస్వామి చెమట తుడుచుకుంటూ వచ్చాడు.

"ఏం సామీ, నన్ను పని చెయ్యనిస్తావా లేదా?"

"కట్టె వదిలింది నువ్వు కదప్పా!"

"గోవిందా అనంగానే చేతిలో ఏముంటే అది వదిలేసి దణ్ణం పెట్టాలని మాయమ్మ నేర్పించింది. వేడి కాఫీ గలాసే వదిలినా. కట్టె ఎంత?"

"దణ్ణం మనసులో పెట్టుకోరాదా?"

"అయితే గోవిందా నువ్వు మనసులో అనుకోరాదా?"

 

ఇంతలో మునిలక్ష్మి వచ్చి నా మోకాలు తట్టింది. "ఇంకొకసారి ఎక్కతా."

 మెట్టు పట్టుకుని లేవబోయాను.

"నువ్వొద్దు నాయనా. నీది శానా సప్పుడు. అవ్వ రావాల."

మా అమ్మ ఎవరైనా పిలుస్తారా అని చూస్తున్నట్టుంది. అప్పటికే కొంగు బిగించి దోపుకుంది.

"అమ్మా, పైకి పొయ్యినాక గోవిందా అనొద్దు" అని బతిమాలాను.

"తిరుచానూరులో నిలబడి నన్ను గోవిందా అనొద్దంటాండావా? పక్కకు జరగరా" అని తొట్టి ఎక్కింది.

నేను దొరస్వామి పక్కకు చేరాను. "అప్పా, ఒక మాట. మాయమ్మ ఊరుకునే మనిషి కాదు. ఆమె గోవిందా అంటే నువ్వు దణ్ణం పెట్టుకో. కట్టె నేను పట్టుకుంటా."

ఆయన కొంచెం పక్కకు జరిగి నాకు చోటిచ్చాడు.

రాట్నం కదిలింది. రెండో చుట్టుకే పైనుంచి మా అమ్మ గొంతు ఖంగుమంది. జనం అందుకున్నారు. దొరస్వామి చేతులు తలమీదికి పోయాయి. నేను కట్టెమీద నా బరువంతా వేసి వేలాడాను. కట్టె నన్ను ఒకసారి నేలమీదనుంచి లేపి మళ్ళీ దించింది. తిరుమలమ్మ వచ్చి నా నడుం పట్టుకుంది.

తల ఎత్తి చూస్తే పైతొట్టిలో ఉన్ని టోపీ కనిపించింది. మునిలక్ష్మి చెవులమీద చేతులు లేవు. రెండూ గాల్లో ఊపుతూ మమ్మల్ని పిలుస్తోంది. నేనూ ఊపాలనుకున్నాను గానీ, నా చేతులు రెండూ కట్టెమీద ఉన్నాయి.