తోలు కప్పిన పిల్ల

కురుమ బీరన్న గురువు దగ్గర ఉపదేశం పొంది బోధ తీసుకున్నాడంటే ఊరంతా నవ్వింది. గొర్రెల వెంట తిరిగేవాడికి బ్రహ్మజ్ఞానం దేనికని ఎకసెక్కాలాడారు. అతను పట్టించుకోలేదు. పుట్టింది లేదు, పోయేది లేదు, ఉన్నదంతా బయలే, ఉత్త శూన్యమేనని గురవయ్య గురువు చెప్పిన మాటను కనబడిన వాళ్లకల్లా చెప్పేవాడు. చెప్పడానికేం, నోరుంటే చాలు.

ఉన్ని కత్తిరించే ముందు గొర్రెలను కడగాలని నందికొండ కాలువలో దిగిన కొడుకు గోపాల్ నీళ్లలో కొట్టుకుపోయాడు. శవం దొరికాక తెచ్చి వాకిట్లో గోడకు ఆనించి కూర్చోబెట్టారు. బోధ తీసుకున్నవాళ్లు పోతే అంతే, పడుకోబెట్టరు, ఏడవరు, తత్వాలు పాడుతూ సాగనంపుతారు. పిల్లాడు బోధ తీసుకోలేదు కదా అని ఎవరో గొణిగితే బీరన్న కళ్లెర్రజేశాడు. గురవయ్య పక్షవాతం వచ్చి మంచంలో ఉన్నాడు కాబట్టి అడ్డం చెప్పేవాళ్లు లేకపోయారు.

తల్లి లక్ష్మీనర్సమ్మ కొడుకు ముందు కూలబడి నోరు తెరిచింది. బీరన్న అరచెయ్యి అడ్డం పెట్టాడు.

"ఊకో. బోధ తీసుకున్న ఇల్లు ఇది."

ఆమె ఊపిరి వేడిగా చేతికి తగులుతున్నా తీయలేదు. వీడిది గుండె కాదు, గుట్ట అని నలుగురూ మెచ్చుకున్నారు. నవ్విన ఊరే అలా అనేసరికి, కొడుకు శవం ఎదురుగా ఉండగానే ఆ మాట అతనికి తియ్యగా తాకింది. చదవేస్తే ఉన్న మతి పోయిందంటే ఇదే.

ఆనాటి నుంచి లక్ష్మీనర్సమ్మ మాట్లాడటం మానేసింది. వండుతుంది, పెడుతుంది, తినమంటే రెండు ముద్దలు మింగుతుంది. మనిషి కట్టెపుల్ల అవుతుంటే, ఇదీ దక్కదేమోనని బీరన్నకు భయం పట్టుకుంది. ఆ భయాన్ని కూడా మాయేనని తోసేశాడు.

మాఘంలో ఒక గొర్రెకు పిల్ల చచ్చిపుట్టింది. మందలోనే తల్లి లేని పిల్ల ఇంకొకటి ఆకలికి అరుస్తోంది. గొల్లకురుమలు చేసేదే బీరన్న చేశాడు. చచ్చిన పిల్ల తోలు ఒలిచి, బతికిన పిల్లకు కప్పి, తాడుతో కట్టి, గొర్రె ముందు వదిలాడు. గొర్రె వాసన చూసి తన పిల్లే అనుకుని పాలిచ్చింది.

దొడ్డి తడిక పట్టుకుని చూస్తున్న లక్ష్మీనర్సమ్మ అప్పుడు నోరు విప్పింది.

"గొర్రెకైతె తోలు కప్పి పిల్లనిచ్చినవు. నాకేం కప్పినవయ్యా? తత్వం కప్పినవు. దాంట్ల నా కొడుకు వాసన లేదు."

బీరన్న ఇక దొడ్డిలో ఉండలేకపోయాడు. గొర్రెలను పొరుగింటివాళ్లకు అప్పజెప్పి ఒక రోజంతా నడిచి గురవయ్య మంచం దగ్గరికి పోయి జరిగింది చెప్పాడు. ముసలాయన పడిపోని చేత్తో అతన్ని దగ్గరికి లాక్కున్నాడు.

"ఏడ్చేదెవరో లోపటికి చూసుకొమ్మన్న గని, నోరు మూయుమన్ననా బీరన్నా? గీ కృష్ణ ఒడ్డున బుద్ధుని రాళ్లు తవ్వి తీసిండ్రు గదా. గాయన దుఃఖం లేదన్నడా? ముందు ఉన్నదనే అన్నడు. ఉన్నదాన్ని చూస్తెనే దారి. నువ్వు ఆమెను చూడనియ్యలే. పో, ఏడ్వనియ్యి."

మూడో రోజుకు బీరన్న పరుగుపరుగున ఇంటికొచ్చాడు. ఆమె దొడ్డిలో కూర్చుని పిల్ల మీద కంపు కొడుతున్న తోలుకు కట్టిన తాడు విప్పుతోంది. గొర్రెకు పిల్ల అలవాటైంది, ఇక తోలుతో పని లేదు.

"నర్సమ్మా, నాదే తప్పు. ఏడ్వు. గురువే చెప్పిండు."

ఆమె నోరు తెరిచింది. శబ్దం రాలేదు. ఇంకోసారి ప్రయత్నించింది.

"వస్తలేదు," అంది. "ఎండిపోయింది."

ఆ నోరు అలా ఉత్తగా తెరుచుకోవడం చూశాక బీరన్నలో ఏదో తెగింది. మట్టిలో కూలబడి గోపాలా, గోపాలా అంటూ ఊరు వినేలా బావురుమన్నాడు. లక్ష్మీనర్సమ్మ తోలు పక్కన పెట్టి దగ్గరికి వచ్చింది. ఆమె ముఖంలో కోపం లేదు, కసి లేదు, ఏమీ లేదు. అరచెయ్యి చాచి అతని నోటికి అడ్డం పెట్టింది.

"ఊకో," అంది. "బోధ తీసుకున్న ఇల్లు ఇది."