గ్లెన్ వేసిన పూత

మైల్స్ సిటీలో ఏటా జరిగే పాత తుపాకుల ప్రదర్శనలో ఆల్డెన్ రస్క్ బల్ల ఎప్పుడూ కిటికీ పక్కనే ఉంటుంది. అశ్వికదళం వాళ్ల రివాల్వర్ అసలుదో నకిలీదో తేల్చాలంటే మోంటానా మొత్తానికీ ఆయన మాటే ఆఖరు. దీపాల వెలుగులో ఇనుమును నమ్మకూడదని ఆయన పట్టుదల.

మధ్యాహ్నం ఒక ముసలావిడ వంటింటి తువ్వాలులో చుట్టిన మూటను తెచ్చి ఆయన ముందు పెట్టింది.

"రస్క్ గారు మీరేనా? నా పేరు వెర్నా హెగ్‌స్టాడ్. ఇది మా తాత హాల్వర్ గుర్రప్పటాలంలో ఉన్నప్పుడు నడుముకు కట్టుకున్నది. అసలుదేనని మీరు సంతకం పెడితే, ఇక్కడి పాత సైనిక కోటలోని మ్యూజియం వాళ్లు ఆయన పేరు రాసి అద్దాల బీరువాలో పెడతామన్నారు. నా తర్వాత మా ఇంట్లో ఇంకెవరూ లేరు నాయనా. ఇది దిక్కులేకుండా పోకూడదని తెచ్చాను."

పక్కబల్ల చెస్టర్ తల ఎత్తాడు. "జాగ్రత్తమ్మోయ్! ఈయన పెళ్లి ఉంగరాన్ని కూడా భూతద్దం పెట్టి చూసుకున్నాకే వేలికి తొడుక్కున్నాడు."

ఆవిడ నవ్వింది. ఆల్డెన్ కూడా నవ్వుతూనే తువ్వాలు విప్పాడు. లోపల రివాల్వర్ నిన్ననే కొన్నట్టు నల్లగా మెరుస్తోంది. ఎవరో పాత ఇనుమును సానబెట్టి కొత్త పూత వేశారని తెలిసి ఆయనకు ఉసూరుమంది. పదునుగా ఉండాల్సిన అంచులు వాడిన సబ్బుబిళ్లలా అరిగిపోయాయి. చెక్కపిడి ఎడమవైపు సైన్యం ఇన్‌స్పెక్టర్ కొట్టిన ముద్ర ఉండాలి. అక్కడ వార్నిష్ తప్ప ఏమీ లేదు. ఇలాంటిది కనబడగానే సానపట్టినవాణ్ని తిట్టడం ఆ వృత్తిలో తుమ్మినంత అలవాటు.

"ఏ చచ్చు వెధవ చేతిలో పడిందమ్మా ఇది! ఉప్పుకాగితం పెట్టి ప్రాణం తీసేశాడు!"

చెస్టర్ పకపకా నవ్వాడు. ఆవిడ నవ్వలేదు.

"మా అబ్బాయి గ్లెన్," అంది. "యుద్ధానికి వెళ్లే ముందు, నా పుట్టినరోజని చేశాడు. ఎన్ని రోజులో ఆ గ్యారేజీ వదల్లేదు. అన్నానికి పిలిచినా రాలేదు. తెచ్చి నా చేతిలో పెట్టినప్పుడు వాడి గోళ్లు ఇంకా నల్లగానే ఉన్నాయి." తువ్వాలు కొసను మడతపెట్టింది. "వెళ్లినవాడు మళ్లీ రాలేదు."

చెస్టర్ టోపీ తీసి, కాఫీ తెస్తానంటూ గొణిగి లేచిపోయాడు.

"క్షమించమ్మా," అన్నాడు ఆల్డెన్.

"నీకెలా తెలుస్తుందిలే నాయనా. నువ్వు చూసేది చూడు."

ఆయన మరలు విప్పి పిడి ఊడదీశాడు. దాని లోపలి గాడిని వెలుగుకు పెట్టి చూశాడు. ఉప్పుకాగితం అక్కడిదాకా పోలేదు. పాత సిరాతో వేసిన తుపాకీ నంబరు అంకెలు మసకగా ఉన్నాయి. ఇనుము మీద, గ్లెన్ సానకు అరిగి కూడా మిగిలిన అంకెలూ అవే. ఆవిడను దగ్గరకు పిలిచి రెండూ చూపించాడు.

"అసలుదేనమ్మా. ఈ నంబరు పటాలానికి ఇచ్చినవాటిలోదే."

"అయితే సంతకం పెడతావా?"

"పెడతాను."

ఆవిడ బల్ల అంచు పట్టుకుని కళ్లు మూసుకుంది. ఆల్డెన్ అక్కడితో ఆగి ఉండొచ్చు. కానీ రేపు ఆ బీరువా ముందు నిలబడి ఆవిడ ఈ నల్లటి మెరుపు కోసం వెతుక్కుంటుందే అనిపించింది.

"ఒక మాట. లోపల పెట్టే ముందు వాళ్లు ఈ పూత తీసేస్తారు. కింద పాత రంగు ఏమైనా మిగిలిందేమోనని. అది వాళ్ల పద్ధతి."

"గ్లెన్ వేసిందా?"

"అవునమ్మా."

"కొంచెం కూడా ఉంచరా?"

ఆయన తల అడ్డంగా ఊపాడు.

ఆవిడ చాలాసేపు రివాల్వర్ వంకే చూసింది. "మా తాతను నేను చూడనే లేదు," అంది చివరికి. "గోడ మీద ఫోటో ఉండేది, అంతే. పిడి బిగించెయ్యి నాయనా, ఇంటికి తీసుకుపోతాను."

"మరి మీ తర్వాత?" అడగకూడదనుకుంటూనే అడిగాడు.

"తెలీదు."

ఆల్డెన్ ఒక్కో మరనూ నెమ్మదిగా బిగించాడు. వేలిముద్రలు తుడవడానికి నూనెబట్ట తీసుకున్నవాడు, ఆగి దాన్ని ఆవిడకే అందించాడు.

"ఇది సీసాల్లో దొరికే రకం పూతమ్మా, పల్చన. గట్టిగా రుద్దారంటే పోతుంది. చలికాలంలో ఓసారి రెండు చుక్కల నూనె వేసి ఊరికే అలా అద్దండి."

"అలా చేస్తే ఎన్నాళ్లుంటుంది?"

తేల్చుకోకుండా మాట చెప్పే అలవాటు ఆయనకు లేదు. రివాల్వర్‌ను కిటికీ వైపు తిప్పి మరోసారి పరీక్షగా చూశాడు.

"మీకంటే ఎక్కువ రోజులే ఉంటుంది."

"అది చాల్లే," అంది ఆవిడ, బట్టను వేలికి చుట్టుకుంటూ. ఆల్డెన్ లేచి తన కుర్చీని ఆవిడ వైపు జరిపాడు.