పిల్లల నోటి నుంచి

బడి మూసేశాక పంతులమ్మ తన అన్నతో చాలాకాలం మాట్లాడలేదు. ఆయన నగరసభ సభ్యుడు. మూసివేతకు అందరికంటే ముందు చెయ్యెత్తింది ఆయనే. "పిల్లలే పుట్టడం లేదే పిచ్చిదానా! ఖాళీ బెంచీలకి పాఠాలు చెబుతావా?" అన్నది ఆయన వాదన. అదీ నిజమే. చివరి ఏడాది ఆమె తరగతి మొత్తం ఒక్క బెంచీ మీద సర్దుకునేది. అయినా బడికి తాళం పడ్డ రోజున ఆమె చీకటి పడేదాకా గేటు దగ్గరే నిలబడింది.

సరిహద్దు దాటి కాగితాలు లేకుండా వచ్చినవాళ్లను ఉంచే నిర్బంధ కేంద్రంగా ఆ భవనాన్ని మార్చేశారు. ఆటస్థలం చుట్టూ ముళ్లకంచె లేచింది. సైన్సు ల్యాబులో మగవాళ్లను, పై అంతస్తులో ఆడవాళ్లను, పిల్లలను ఉంచారు.

ఒకరోజు అన్న తనే ఆమె ఇంటికి వచ్చాడు.

"లోపల పిల్లలున్నారు. చట్టప్రకారం వాళ్లకి చదువు చెప్పాలి. పాఠాలు ట్యాబులే చెప్పుకుంటాయిలే, పక్కన ఓ మనిషి ఉంటే చాలు. నీ పేరు చెప్పాను."

"నా బడి మూయించి, అందులోకే నన్ను ఆయాగా పంపిస్తావా?"

"ఇంట్లో కూర్చుని గోడలతో మాట్లాడే కంటే నయం కాదూ?"

నాలుగు దులుపుదామనుకుంది. కానీ 'పిల్లలు' అనే మాట చెవిన పడ్డాక ఒప్పుకుంది. వెళ్లింది.

తన పాత గదే ఇచ్చారు. నల్లబల్ల అలాగే ఉంది. కిటికీలకు మాత్రం కొత్తగా ఇనుప జాలీ బిగించారు. పిల్లలకు తలా ఒక ట్యాబు. అందులోని గొంతు మేనత్త పలకరించినంత మెత్తగా ఉండేది. లెక్కలు చెప్పేది, పదాలు నేర్పేది, మధ్యమధ్యలో కబుర్లాడేది. "మీ ఇంటి ముందు ఏముండేది? అమ్మ ఏం పాడి నిద్రపుచ్చేది? చెప్పు బంగారూ."

సరిహద్దుకు అటూ ఇటూ భాష ఒక్కటే. యాసే వేరు. అందుకని పిల్లల మాటలన్నీ పంతులమ్మకు అర్థమయ్యేవి. వాళ్లలో ఒక పిల్లను అందరూ వసపిట్ట అని పిలిచేవారు. ట్యాబు ఒకటి అడిగితే అది పది చెప్పేది. ఇంటి వెనక ఏరు, ఏటి మీద విరిగిన వంతెన, వంతెన కాపలాకు వెళ్లిన నాన్న తుపాకీ పారేసి తిరిగొచ్చిన రోజు, అన్నీ చెప్పేసింది. మధ్యలో ఆగితే పంతులమ్మే వెన్ను నిమిరేది. "ఆగిపోయావేం తల్లీ, చెప్పు. పూర్తి వాక్యాల్లో చెప్పు."

కొద్దిరోజులకు వసపిట్ట తల్లి తలుపు దగ్గరికి వచ్చి నిలబడింది. మొహం పాలిపోయి ఉంది.

"మా ఆయన్ని తీసుకెళ్లిపోయారు టీచర్. వెనక్కి పంపించేస్తారట."

"ఎందుకు? ఏమైంది?"

"మేం ఎక్కడివాళ్లమో ఇక్కడెవరికీ చెప్పలేదు. చెబితే అక్కడికే పంపుతారు. పటాలం వదిలి పారిపోయినవాణ్ణి అక్కడ బతకనివ్వరు. అలాంటిది, విచారణలో అధికారులే వంతెన సంగతి ఎత్తారట. మా ఇంట్లోవాళ్లకి తప్ప ఎవరికి తెలుసు అది?"

పంతులమ్మ బెంచీ మీది ట్యాబు వైపు చూసింది. ఆ మాట తను ఈ గదిలోనే విన్నది. తనే చెప్పించింది. వెనక బెంచీలోంచి వసపిట్ట తన తల్లి వంకే చూస్తోంది. ఆ పిల్లకూ అర్థమైపోయింది.

ఆ సాయంత్రమే అన్న ఇంటికి వెళ్లింది. వదిన మంచినీళ్లు తెచ్చి, ఇద్దరి మొహాలూ చూసి, గ్లాసు బల్ల మీద పెట్టి లోపలికి వెళ్లిపోయింది.

"ఆ ట్యాబులు పిల్లల మాటలు వింటాయని నీకు తెలుసా?"

"ట్యాబులిచ్చిన కంపెనీతో ఒప్పందంలోనే ఉంది. యాస బట్టీ, కబుర్ల బట్టీ ఊరు పసిగడతాయి." ఆయన తడబడలేదు. "పెద్దవాళ్లు నిజం చెప్పరు. కొట్టి అడగాలా? దీంతో ఎవరి ఒంటి మీదా చెయ్యి పడదు. నేనైతే ఇది దయే అనుకున్నాను."

"ఓ పిల్ల మాటలు పట్టుకుని తండ్రిని వెనక్కి పంపుతున్నారు. అక్కడ చంపేస్తారట అన్నయ్యా!"

"అందరూ అదే చెబుతారే."

"నన్ను తోడుకి పెట్టావనుకున్నాను. ఎరగా పెట్టావు."

ఆయన ఏదో అనబోయాడు. ఆమె చెప్పులు వేసుకుని బయటికొచ్చేసింది.

మర్నాడు ట్యాబులన్నీ పోగుచేసి బీరువాలో పెట్టి తాళం వేసింది. సుద్దముక్క తీసుకుని తనే పాఠం మొదలుపెట్టింది. "ఆ ట్యాబులకి ఇంటి కబుర్లేవీ చెప్పకండర్రా," అంది. మధ్యాహ్నానికల్లా ఉద్యోగం ఊడింది.

అప్పటికే నగరంలోని బడులన్నిటికీ అవే ట్యాబులు పెట్టాలని నగరసభ ఆలోచిస్తోంది. పిల్లలు తగ్గారు కాబట్టి టీచర్లనూ తగ్గించుకోవచ్చునట. దాని మీద జరిగిన బహిరంగ చర్చలో పంతులమ్మ లేచి నిలబడింది. వేదిక మీద అన్న తలెత్తలేదు.

జరిగింది జరిగినట్టు చెప్పింది. చివరికి జనం వైపు తిరిగి అంది. "పిల్లలు లేరని బడులు మూస్తున్నాం. ఉన్న పిల్లల్నేమో తాళం వేసి, వాళ్ల నోటితోనే నాన్నల్ని పట్టిస్తున్నాం."

హాల్లో కలకలం రేగింది. "అయితే మా ఇంట్లో మాటలు కూడా వింటుందా ఇది?" అని ఒక తండ్రి అరిచాడు. "మా ఆయనా నేనూ పోట్లాడుకున్నవి కూడానా?" అందొక ఆవిడ. కొందరు నవ్వారు గానీ, ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. ఓటింగులో ప్రతిపాదన చిత్తుగా ఓడిపోయింది. నగరం బడుల్లోకి ఆ ట్యాబులు రావు.

బయట జనం ఆమె చుట్టూ మూగారు. "మా పిల్లల్ని కాపాడావమ్మా," అన్నారు.

"మరి నిర్బంధ కేంద్రంలో పిల్లల సంగతో?" అని అడిగింది పంతులమ్మ.

"వాళ్ల సంగతి వేరు కదండీ," అన్నాడు ఇందాక అరిచిన తండ్రి. ఆయన మంచివాడే. మాట మర్యాదగానే అన్నాడు.

వాళ్ల ట్యాబులు అలాగే ఉన్నాయి. బీరువా తాళం పగలగొట్టి తీశారని తర్వాత తెలిసింది.

వసపిట్టనూ తల్లినీ కాపాడాలని పంతులమ్మ ఒక లాయరమ్మను వెతికి పట్టుకుంది. కోర్టులో సాక్ష్యం చెప్పాలంటే అన్న పేరు కూడా బయటపెట్టాల్సి వస్తుందని లాయరమ్మ హెచ్చరించింది. "పెడతాను," అంది. అన్ననూ పిలిపించారు. ఒప్పందంలో ఏముందో తనకు గుర్తులేదని ఆయన బోనులో చెప్పాడు. ఆ మాట విన్నాక అన్నాచెల్లెళ్ల మధ్య మిగిలిన కాస్తా తెగిపోయింది.

తల్లినీ పిల్లనూ వెనక్కి పంపకుండా కోర్టు ఆపింది. ఇప్పుడు వాళ్లు ఊరి చివర ఆశ్రయ గృహంలో ఉంటున్నారు. తండ్రిని అప్పటికే సరిహద్దు దాటించేశారు. ఆయన జాడ ఇంతవరకూ తెలియలేదు.

పంతులమ్మ ఆ ఆశ్రయ గృహానికి వెళ్లి పిల్లలకు పాఠాలు చెబుతోంది. వసపిట్ట వచ్చి కూర్చుంటుంది, రాస్తుంది, లెక్కలు తప్పు లేకుండా చేస్తుంది. పెదవి మాత్రం విప్పదు.

"మీరైనా దాన్ని మాట్లాడించండి టీచర్," అని తల్లి బతిమాలింది ఒకనాడు.

పంతులమ్మ ఆ పిల్ల పక్కన కూర్చుంది. ఏమడగాలన్నా భయమేసింది. పెన్సిలు మొన చెక్కి చేతికిచ్చి, తర్వాతి లెక్క చూపించింది.