ఊరు అడిగిన రోజు

ఖిదిర్‌పూర్ ఓడరేవు గోడ పక్కన మా లైనులో మొదటి గుడిసె కూలగొట్టినప్పుడు పొయ్యి మీద అన్నం ఇంకా ఉడుకుతూనే ఉంది. గిన్నె దించుకుంటానని అప్పాయమ్మ బతిమాలింది. యంత్రం ఆగలేదు. రోడ్డు కోసం ఇళ్ళు పోయిన పక్కవీధి వాళ్ళకు వేరేచోట ఇళ్ళిచ్చారు. మాకు లేవన్నారు.

"మీరు ఆంధ్రావాళ్ళు. మీ ఊళ్ళు మీకున్నాయి కదా. మిగతా గుడిసెలు రేపు పొద్దున్న," అన్నాడు ఆఫీసరు.

ఏ ఊళ్ళు? మా తాతలు శ్రీకాకుళం నుంచి వచ్చి ఈ రేవులో బస్తాలు మోశారు. మేం ఇక్కడే పుట్టాం. అక్కడ మాకు సెంటు భూమి లేదు. ఎర్రజెండా ప్రభుత్వం వచ్చిన రోజు ఈ లైనులోనే డప్పులు కొట్టి ఎగిరాం.

సాయంత్రం మీటింగుకి జ్ఞానప్రసూన గారు పరుగున వచ్చారు. కాలేజీలో రాజనీతిశాస్త్రం చెబుతారు. పేదల ప్రభుత్వంలో పేదలకు ఏం అందుతోందో పరిశోధించాలని పోయినేడాది మా ఇళ్ళన్నీ తిరిగారు.

"మీది ఏ ఊరని అడిగితే అందరూ తాతల ఊరే చెప్పారు. నా నివేదికలో అదే రాశాను. మీరు ఇక్కడివాళ్ళే, మీకూ ఇళ్ళు రావాలని కూడా రాశాను. ఆఫీసర్లు అది వదిలేసి తాతల ఊళ్ళొక్కటే పట్టుకున్నారు," అంటూ ఏడ్చేశారు.

ఊరు అడిగితే తాత ఊరు చెప్పడం మాలో మర్యాద. పెళ్ళికైనా చావుకైనా అదే చెబుతాం. ఆ మర్యాదే మా మెడకు చుట్టుకుంది.

యూనియన్ నాయకుడు బైరాగి లేచాడు. "మన గవుర్మెంటు మీద మనమే తిరగబడతామేటి? పెద్దోలతో నాను మాటాడతాను."

"ఎన్నేళ్ళ బట్టీ మాటాడతన్నావు?" జగ్గమ్మ కస్సుమంది. "ఓట్లకొచ్చినప్పుడు మీది ఏ ఊరని అడగనేదేటి? రేపు ఎవులడిగినా అందరం ఒకటే మాట సెప్పాల. మాది ఖిదిర్‌పూర్!"

అందరూ సరేనన్నారు, తవిటమ్మ తప్ప. లైనుకంతా పెద్ద ఆవిడ. నాగావళి ఒడ్డు నుంచి కొత్త పెళ్ళికూతురుగా వచ్చింది. తన బూడిదైనా అక్కడ కలపమని కొడుకు చేత ఒట్టేయించుకుంది.

"మా ఊరు పేరు నానొగ్గనేనమ్మా," అంది.

పొద్దున్నే పోలీసులు దిగారు. జ్ఞానప్రసూన గారితో సహా చేయీ చేయీ పట్టుకుని గుడిసెల ముందు కూర్చున్నాం. ఆఫీసరు నేరుగా తవిటమ్మ దగ్గరికి వెళ్ళాడు. ముసలావిడ అయితే ఉన్నమాట చెబుతుందని వాడి ధీమా.

"మాషీమా, దేశ్ కొథాయ్?" అన్నాడు బెంగాలీలో. పిన్నమ్మా, మీ సొంతూరు ఎక్కడని.

ఆవిడ తలెత్తి మా వరసంతా చూసింది.

"ఖిదిర్‌పూర్," అంది.

పక్కన అప్పాయమ్మను అడిగాడు. ఖిదిర్‌పూర్. ఎదురుగా నిలబడ్డ బైరాగిని అడిగాడు. బైరాగి వచ్చి మా వరసలో కూలబడి, "ఖిదిర్‌పూర్, దాదా," అన్నాడు.

లాఠీలు లేచాయి. గుడిసెలన్నీ పోయాయి. గెలిచామని మీకు అబద్ధం చెప్పను. మమ్మల్నీ, జ్ఞానప్రసూన గారినీ ఈడ్చుకెళ్ళి వ్యానులో పడేశారు.

వ్యానులో తవిటమ్మ గుండెలు బాదుకుంది. "నా నోటితోటే మా ఊరిని కాదనిపించినారు గదే!"

జగ్గమ్మ ఆవిణ్ణి పొదివి పట్టుకుని తనూ ఏడ్చింది.

స్టేషను ముందు వ్యాను ఆగింది. తలుపు తీసిన పోలీసు పేరడిగాడు, ఊరడిగాడు.

తవిటమ్మ కళ్ళు తుడుచుకుంది. ఎవరి చెయ్యీ పట్టుకోకుండా కిందికి దిగింది. వీధంతా వినబడేలా "ఖిదిర్‌పూర్!" అని అరిచింది. వ్యానులోంచి మేమందరం అందుకున్నాం.