వరద ఆట

వరద తీసినా ఇళ్ళు మిగలనివాళ్ళని బడిలోనే ఉంచారు. కుట్టుపని చేసుకునే ఆవిడకు ఒకటో తరగతి గదిలో కిటికీ పక్కన చోటు దొరికింది. ఎవరో ఇచ్చిన పాత మిషను మీద అందరి చిరుగులూ కుడుతూ రోజులు నెట్టుకొస్తోంది.

ఆమె కూతుర్ని అందరూ పిచ్చుక అని పిలుస్తారు. ఒకప్పుడు ఈ పిల్ల కాసేపు నోరు మూస్తే బాగుండుననిపించేది. ఇప్పుడది బెల్లం కొట్టిన రాయి. ఆ రోజు తల్లి కొట్లో ఉండగా నీళ్ళొచ్చాయి. పిచ్చుక ఇంటికప్పు ఎక్కి తమ్ముడి చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి జారిపోయింది. తర్వాత పిల్లనెవరూ పల్లెత్తు మాట అనలేదు. అనకుండా చూసే చూపులు మాత్రం ఎవరూ దాచుకోలేదు.

సలహాలకేం కరువా? బొమ్మలు గీయించమన్నవాళ్ళు గీయించమన్నారు, కొత్త గౌను కొనమన్నవాళ్ళు కొనమన్నారు. తల్లి కోరుకున్నది మాత్రం ఒక్కటే, దాని నోట ఓ మాట. తిట్టయినా సరే.

ఓ మధ్యాహ్నం వినిపించింది. "పట్టుకున్నా. వదల్నురా, పైకి రా."

వరండాలో బెంచీ మీద బోర్లా పడుకుని ఉంది పిచ్చుక. కింద లారీ డ్రైవరు కొడుకు కొట్టుకుపోతున్నట్టు దొర్లుతున్నాడు. మిగతా పిల్లలు వరదొచ్చిందని గోల. పిచ్చుక వాణ్ణి బెంచీ మీదికి లాగేసి పకపకా నవ్వింది.

కోపానికి కళ్ళుండవు. తల్లి వెళ్ళి దాని వీపు మీద ఒక్కటిచ్చింది. "తమ్ముడు పోయాడే. ఇంకా ఆటలెందుకే నీకు?"

పిల్లలు తలో దిక్కూ పారిపోయారు. డ్రైవరు భార్య మెల్లగా దగ్గరికొచ్చింది.

"రోజూ ఇదే ఆటక్కా. మావాడు మునుగుతాడు, ఇది లాగుతుంది. ఒక్కసారి కూడా చెయ్యి వదల్లేదు. ఇప్పుడిప్పుడే వాడితో నాలుగు మాటలు కూడా మాట్లాడుతోంది."

"నాకో మాట చెప్పొచ్చుగా?"

"చెప్తే మాన్పించేస్తావని భయపడ్డా."

చేతులు కాలాయి, ఇక ఆకులు పట్టుకోవడమే మిగిలింది. సాయంత్రం పిల్లని బెంచీ ఎక్కించి తను కింద గచ్చు మీద కూర్చుంది. పదిమందీ చూస్తున్నా సిగ్గు విడిచి చెయ్యి చాచింది.

"మునిగిపోతున్నానే తల్లీ. లాగవే."

పిచ్చుక రెండు చేతులూ తొడల కింద పెట్టేసుకుంది.

"తమ్ముడు పోయాడుగా అమ్మా," అంది. "ఇంకా ఆటలెందుకు?"

ఆ తర్వాత తల్లి ఎంత బతిమాలినా నోరు విప్పలేదు.