బద్రున్నీసా నూరిన నలుగు

బద్రున్నీసాకు లోకంలో చాలామంది నచ్చరు. కోడలు షాహిదా నచ్చదు, కోడలి చేతి చాయ్ నచ్చదు, కొడుకు అబ్దుల్ సత్తార్‌కు తిండి పెట్టే మిక్సీ అసలే నచ్చదు. మానుకోట బస్టాండు వెనక సందులో సత్తార్‌కు మిక్సీలు, గ్రైండర్లు బాగుచేసే దుకాణం ఉంది. ఊళ్లో సగం వంటిళ్లు అతని చేతి చలవతో తిరుగుతాయి. అతని ఇంట్లో మాత్రం మిక్సీ అటకెక్కి కూర్చుంది. తల్లి ఉన్నంతకాలం ఆ ఇంట్లో ఏది నూరినా బండ మీద పొత్రంతోనే నూరాలి.

"గిర్రున తిరిగేదానికి రుచేం తెలుస్తది? నా బండకు తెలుస్తది" అంటుంది ఆమె. ఆ బండను ఇంకొకరు ముట్టకూడదు. కడగడం కూడా ఆమే కడుగుతుంది. రెండు చెంబుల నీళ్లు గుమ్మరించి, అరచేత్తో ఒకసారి రాస్తే అయిపోయినట్టే. సబ్బు పెట్టమంటే రాయి పాడైపోతుందని కసురుకుంటుంది.

ఈ ఎండాకాలం మొదట్లో ఆమెకు నచ్చనివాళ్లలో జనగామ రుఖయ్యా కొత్తగా చేరింది. ఆమె హఫీజ్‌కు పిన్ని. హఫీజ్ భూపాలపల్లి కరెంటు ప్లాంటులో పనిచేస్తాడు. బద్రున్నీసా మనవరాలు ఇరంకు అతని సంబంధం వచ్చింది. పిల్లవాడి తల్లి రాకముందే ఈ పిన్ని వచ్చింది, అంగట్లో కొనకముందు వంకాయలు గిచ్చి చూసే మనిషిలాగా. బిర్యానీ తిన్నది. మళ్లీ పెట్టించుకుని తిన్నది. చేయి కడుక్కుని ఇరంను పక్కన కూర్చోబెట్టుకుని, ముద్దు చేస్తున్నట్టే మణికట్టు పట్టుకుని, కుర్తా చేతిని మోచేయి దాకా పైకి నెట్టింది. కింద ఒక రంగు, పైన ఒక రంగు. మధ్యలో గీత గీసినట్టుంది.

"ఫొటోల గిట్ల లేదే" అన్నది రుఖయ్యా. "వచ్చే ఐతారం మా అక్కను, పిల్లగాన్ని తీస్కొస్త. అప్పటి దాక జర చూస్కోండ్రి."

తిన్న బిర్యానీ ఇంకా గొంతు దిగలేదు, అప్పుడే పిల్ల రంగుకు వంక! బద్రున్నీసాకు ఒళ్లు మండిపోయింది. ఆ చేయి నల్లబడింది ఇంట్లో కూర్చుని కాదు. ఇరం మిర్చి విత్తనాల కంపెనీలో పని చేస్తుంది. పొద్దున్నే స్కూటీ ఎక్కి దంతాలపల్లి, గూడూరు వైపు చేలకు పోతుంది. ఏ రకం కాయ ఎలా కాసింది, ఏ చేనుకు తెగులు తగిలింది అని మిట్ట మధ్యాహ్నం కూడా సాళ్లలో తిరుగుతుంది. ఎంత స్కార్ఫ్ కట్టుకున్నా కళ్ల చుట్టూ, ముక్కు మీద, చేతుల మీద ఎండ తన పని తాను చేసుకుపోయింది. పైగా ఆ పిల్ల ఒళ్లు చిన్నప్పటి నుంచీ వట్టి సుకుమారం. కొత్త సబ్బు తగిలితే దద్దుర్లు, కొత్త బట్ట ఉతకకుండా కట్టుకుంటే దురద.

"దీన్ని ట్యాన్ అంటరు దాదీ" అంది ఇరం.

"ఎండకు నల్లబడుడుకు గూడ ఇంగ్లీషు పేరు పెట్టిన్రా!" అని బద్రున్నీసా పెదవి విరిచింది. "ఆ జనగామ ఆమె మొఖం జూడు. ఎన్నడన్న ఎండల నిలవడ్డదా? కొట్టుగదిల పెట్టిన ఉల్లిగడ్డ లెక్కుంది. వద్దని కబురు పంపుత."

"వద్దు దాదీ" అంది ఇరం చప్పున.

ముసలామెకు అప్పుడు అర్థమైంది. అంతకుముందు వచ్చిన సంబంధాల వాళ్లంతా ఒక్కటే ప్రశ్న అడిగారు: పని ఎప్పుడు మానేస్తుంది అని. ఈ హఫీజ్ మాత్రం ఫోనులో మాట్లాడినప్పుడు, చేలల్లో తిరిగేటప్పుడు తాగే నీళ్లు ఎక్కడ దొరుకుతాయి అని అడిగాడట. ఆ మాట చెప్పేటప్పుడు ఇరం ముఖం చూడాలి. ఇంత మాత్రానికే మురిసిపోవాలా అని బద్రున్నీసాకు నవ్వొచ్చింది. కానీ పిల్ల మనసు అటు పోయిందని తెలిశాక ఆ సంబంధాన్ని చెడగొట్టే ధైర్యం ఆమెకు కూడా లేకపోయింది.

ఇక ఆ వారమంతా ఇంట్లో ఫోను రాజ్యం చేసింది. షాహిదా వంటగదిలో ఫోనును ఉప్పు డబ్బాకు ఆనించి, అందులో ఎవరు ఏం చెబితే అది చేసింది. ఆలుగడ్డ రసం పూసింది. టమాటా ముక్కకు చక్కెర అద్ది రుద్దబోయింది. కాఫీ పొడి, తేనె కలిపింది. నిమ్మకాయ పిండి మోచేతికి కొంచెం రాసి చూసేసరికి అక్కడ ఎర్రగా పొంగింది, దాంతో నిమ్మకాయ మానేసింది. బద్రున్నీసా గడప మీద కూర్చుని ఇదంతా సర్కసు చూసినట్టు చూసింది.

"కూర వండుతున్నవా, పిల్లను వండుతున్నవా?" అని కోడలిని అడిగింది. "ఇంకో రెండు దినాలైతే పోపు గూడ పెడ్తవ్."

సత్తార్ బిడ్డను చర్మం డాక్టరు దగ్గరికి తీసుకుపోయాడు. ఆయన చూసి, ఇలాంటి చర్మం మీద ఇంటి ప్రయోగాలేవీ వద్దన్నాడు. ఎండలోకి పోయే ముందు రాసుకోవడానికి ఒక ట్యూబు, పొడుగు చేతుల చొక్కా, ఓపిక ఉంటే రంగు దానంతట అదే వస్తుందన్నాడు. మరీ కావాలంటే చల్లటి పెరుగు కాసేపు పెట్టి కడుక్కోమన్నాడు.

"ఓపిక రాసిచ్చుటానికి గంత సదువు సదవాల్నా?" అంది బద్రున్నీసా. డాక్టరు కూడా ఆమెకు నచ్చనివాళ్లలో చేరిపోయాడు.

ఆ వారంలోనే ఇంకొకరు కూడా చేరారు. గూడూరు వైపు తండాలో అమర్‌సింగ్ అనే రైతు ఉన్నాడు. ఇరం కంపెనీ కొత్త రకం మిర్చిని అతని చేనులో వేసి చూస్తోంది. అతను ఇరంకు ఒక కవరు నిండా ఎండు మిరపకాయలు ఇచ్చి, "మీ అవ్వకు చెప్పు బిడ్డా, జర చూసి నూరుమను. ఇవి అసొంటి ఇసొంటి కాయలు కావు" అని చెప్పి పంపాడు.

"నాకు మిరపకాయ నేర్పుతడా!" అంటూ బద్రున్నీసా ఆ కాయలన్నీ బండ మీద పోసి, వెల్లుల్లి వేసి నూరి పారేసింది. ఆ కారం తిన్న రోజు సత్తార్‌కు చెవుల్లోంచి పొగ వచ్చినంత పనైంది. బద్రున్నీసా మాత్రం ముద్ద మీద ముద్ద తిని, "ఏముంది ఇందుల?" అంది. బండ మీద ఎప్పటిలాగే రెండు చెంబుల నీళ్లు గుమ్మరించింది.

ఐతారానికి ముందురోజు, శనివారం, ఆమె కొంగు బిగించింది. కోడలి గిన్నెలన్నీ పక్కకు తోసేసింది. ఆమె అత్త కాలం నుంచి ఆ ఇంటి పెళ్లికూతుళ్లకు పూసే నలుగు ఒకటుంది. నానబెట్టిన ఎర్రపప్పు, ఎండు గులాబీ రేకులు, గంధం, పాల మీగడ కలిపి బండ మీద వెన్నలాగా నూరాలి. నూరుతున్నంత సేపూ ఫోనును, డాక్టరును, జనగామను, కోడలి పుట్టింటిని పేరు పేరునా తిడుతూనే ఉంది.

ఇరం గిన్నెలోకి చూసింది. మంచి వాసన వేస్తోంది.

"నీది మండదు కద దాదీ?"

"నాది మండుడా?" అంది బద్రున్నీసా, అంతకంటే పెద్ద అవమానం లేనట్టు. "నా చేతిది ఎన్నడన్న మండిందా? కండ్లు మూస్కో."

ఇరం కళ్లు మూసుకుంది. దాదీ చేతిని నమ్మినంతగా ఆ పిల్ల ఇంకెవరి చేతినీ నమ్మదు. బద్రున్నీసా నుదుటి నుంచి గడ్డం దాకా దట్టంగా పూసింది. కొంచెం సేపు ఏమీ కాలేదు. తర్వాత ఇరం ముక్కు ఎగబీల్చింది. ఆ తర్వాత కెవ్వున అరిచి పంపు దగ్గరికి పరుగెత్తింది.

ఎన్ని నీళ్లు కొట్టినా మంట తగ్గలేదు. చెంపలు కందిపోయాయి, కనురెప్పలు ఉబ్బిపోయాయి. షాహిదా పెరుగు తెచ్చింది, సత్తార్ షర్బత్ బండి నుంచి మంచుగడ్డ తెచ్చాడు. చివరికి దవాఖానకు తీసుకుపోతే సూది వేసి, ప్రమాదం ఏమీ లేదు గానీ తగ్గడానికి కొన్ని దినాలు పడుతుందన్నారు.

"గిదంత నీ ఆలుగడ్డ రసం చేసిన పని" అంది బద్రున్నీసా కోడలితో, అందరూ వినేటట్టు. "పొద్దంత గది పూసి పూసి తోలు పలచన జేసినవ్. నాది పెట్టేసరికి బయటవడ్డది."

 షాహిదా బండ వైపు ఒకసారి చూసి లోపలికి పోయింది.

ఆ చూపు బద్రున్నీసాను కూర్చోనివ్వలేదు. ఎవరూ లేనప్పుడు పోయి బండ మీద వేలు గట్టిగా రాసి నాలుకకు పెట్టుకుంది. మీగడ, గంధం, వాటి వెనకాల అమర్‌సింగ్ మిరపకాయ. రాతి రంధ్రాల్లో దాక్కుని రెండు చెంబుల నీళ్లకు ఎక్కడికీ పోలేదది.  చేసింది తప్పేనని ఆమెకు తెలిసింది, చెప్పడానికి మాత్రం నోరు రాలేదు. మిగిలిన నలుగు గిన్నెలో అలాగే ఉంది. దాన్ని పారేస్తే తప్పు ఒప్పుకున్నట్టే అనిపించి మూత పెట్టి గూట్లోకి నెట్టేసింది.

ఐతారం వాళ్లు వచ్చారు. ముందు రుఖయ్యా, వెనక హఫీజ్ తల్లి, ఆ వెనక హఫీజ్. తల్లి మాట్లాడని మనిషి, చెల్లెలు ఆమె వంతు కూడా కలిపి మాట్లాడుతుంది. హఫీజ్ మనిషి బొగ్గులాగా ఉన్నాడు. ప్లాంటు ఎండ అతన్ని కూడా వదల్లేదు. అతని చొక్కా చేయి పైకి నెట్టి చూసినవాళ్లు మాత్రం ఎవరూ లేరు.

షాహిదా చాయ్ పెట్టింది. ఇరం దుపట్టా ముందుకు లాక్కుని వచ్చి కూర్చుంది. రుఖయ్యా వంగి, ఆ దుపట్టా తొలగించి చూసి, చేయి కాల్చుకున్నట్టు వెనక్కి తీసుకుంది.

"యా అల్లా, గిదేంది?"

"ఆలుగడ్డ రసం పడలే" అంది షాహిదా మెల్లగా. చేయని తప్పును ఆమె తన మీద వేసుకుంది.

"ఆలుగడ్డకు గిట్లయితదా? మా ఇంట్ల దినాం పెడ్తరు. నిన్నటిది నేటిది గాదు, గిది తోలు జబ్బు. అందుకే ఫొటోల కనవడలే." రుఖయ్యా చాయ్ కప్పు ముట్టకుండానే లేచింది. "నడువు అక్కా. జబ్బు దాచినోళ్లు ఇంకేం దాచిన్రో."

హఫీజ్ ఏదో అనబోయాడు. పిన్ని చేయి అడ్డం పెట్టింది. ఇరం తల ఎత్తలేదు. ఉబ్బిన రెప్పల కిందినుంచి ఒక చుక్క జారి, కందిన చెంప మీద పడి ఇంకా మండించింది. ఆ పిల్ల తుడుచుకోలేదు కూడా.

బద్రున్నీసా లేచి వంటగదిలోకి పోయింది. గూట్లోంచి గిన్నె తీసుకుని వచ్చి రుఖయ్యాకు ఎదురుగా కుర్చీ జరుపుకుని కూర్చుంది.

"కూసోమ్మా. జబ్బేందో చూపెడ్త."

మూత తీసి, నాలుగు వేళ్లతో నలుగు తీసి తన ముఖానికి పూసుకోవడం మొదలుపెట్టింది. చెంపలకు, నుదుటికి, కళ్ల కింద, ముక్కు పక్కన. ఒక్క మడత కూడా వదల్లేదు.

"అమ్మా!" అన్నాడు సత్తార్.

"నువ్వాగు. ఇది నేను నూరిన. మిరపకాయలు నూరిన బండ మీద, సక్కగ కడగకుండ నూరిన. నా కోడలు తప్పు లేదు, ఆలుగడ్డ తప్పు లేదు. పిల్లకు జబ్బు లేదు. నా మొఖం జూస్కుంట కూసో, ఎర్రగైనంక పో."

కాసేపు ఏమీ కాలేదు. రుఖయ్యా పెదవి వంకర తిరిగింది. ఏళ్ల తరబడి పొయ్యి ముందు కాలిన తోలు, దానికి మంట తెలుస్తుందో లేదో అని బద్రున్నీసాకు మొదటిసారి భయం వేసింది. తెలియాలి దేవుడా అని మొక్కుకుంది. అప్పుడు కళ్ల కింద చిన్నగా మొదలైంది. అక్కడి నుంచి ముఖమంతా అంటుకుంది. కళ్లల్లో నీళ్లు కారాయి, ముక్కు కారింది, నలుగు పక్కనుంచి కనబడుతున్న చర్మం ఎర్రబడింది. ఆమె కుర్చీ చేతులు పట్టుకుని కదలకుండా కూర్చుంది.

"సూసినవా?" అంది. ఒక కన్ను తెరిచి, గిన్నెను రుఖయ్యా ముందుకు జరిపింది. "ఇంక జర మిగిలింది. పెట్టుకుంటవా? రంగొస్తది."

 రుఖయ్యా గిన్నెకు దూరంగా ఒక అడుగు వెనక్కి వేసింది. హఫీజ్ లేచి పంపు దగ్గరికి ఉరికి చెంబు నిండా నీళ్లు తెచ్చాడు.

అప్పటిదాకా నోరు తెరవని హఫీజ్ తల్లి చాయ్ కప్పు చేతిలోకి తీసుకుంది.

"రుఖయ్యా, కూసో" అంది. "చాయ్ చల్లారుతున్నది."

ఇరం పెరుగు గిన్నె తెచ్చి దాదీ కాళ్ల దగ్గర కూర్చుంది. తడిగుడ్డతో నలుగు తుడిచి, చల్లటి పెరుగు మెల్లగా రాసింది. రెండు ముఖాలూ ఒకే తీరుగా కంది ఉన్నాయి.

"మండుతుందా దాదీ?"

తన చేతిది ఎన్నడూ మండదని చెప్పుకుంటూ ముసలిదైపోయిన బద్రున్నీసా మనవరాలి చేయి పట్టుకుంది.

"మండుతుంది బేటీ" అంది. "శానా మండుతుంది."